మొరాయించని పిస్టల్: జాన్ బ్రౌనింగ్ కథ

ప్రయాగ్‌రాజ్ మ్యూజియంలో ఆ గాజు పెట్టె ముందు నిలబడితే మొదట ఆశ్చర్యపరిచేది పిస్టల్ సైజు. 1931 ఫిబ్రవరి 27న ఆల్ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో పేలిన కోల్ట్ అది. పోస్టర్లు, సినిమాలు చూసి మనం పెద్దదేదో ఊహించుకుంటాం. నిజానికి కోటు జేబులో పట్టేంత చిన్నది. పాయింట్ 32 బోరు. ఒక పోలీసు అధికారి వెంట ఇంగ్లండు వెళ్లిపోయి, స్వాతంత్ర్యం వచ్చిన చాలా ఏళ్లకు తిరిగొచ్చింది. భగత్ సింగ్ వాడిన కోల్ట్‌దీ అదే బోరు. అది ఇందౌర్‌లోని బీఎస్‌ఎఫ్ ఆయుధాల మ్యూజియంలో ఎన్నో ఏళ్లు ఉండి, చివరికి పంజాబ్ సరిహద్దున హుస్సేనీవాలాకు చేరింది.

ఈ రెండు పిస్టళ్లకూ రూపకర్త ఒక్కడే. నేను పదాతి దళంలో ఉన్నన్నాళ్లూ నా నడుముకు వేలాడిన 9 ఎంఎం పిస్టల్ పుట్టుక కూడా ఆయన దగ్గరే మొదలైంది. పేరు జాన్ మోజెస్ బ్రౌనింగ్. ఆ పేరు నాకు సర్వీసు మొదట్లోనే తెలుసు గాని, మనిషి గురించి తెలుసుకోవాలన్న బుద్ధి పుట్టింది మాత్రం ఒక అవమానం తర్వాతే.

ఫైరింగ్ రేంజిలో ఒక ఉదయం. నేను కొత్త లెఫ్టినెంటుని, వెనుక నా ప్లటూన్ జవాన్లు వరుసగా నిలబడి చూస్తున్నారు. రెండు తూటాలు పేలాయి, మూడోది సగం దూరి ఇరుక్కుపోయింది. స్లైడును లాగి సరిచేసి మళ్లీ కాల్చాను. మళ్లీ అదే తంతు. పిస్టల్‌ను తిట్టుకుంటూ పక్కకు వచ్చాను. ఆయుధాలు చూసే ఉస్తాద్ పిస్టల్‌ను ముట్టుకోనే లేదు. మ్యాగజైన్ తీసి, దాని నోటి అంచును వేలితో తడిమి, నా వైపు చూశాడు. అంచు ఒకవైపు వెంట్రుకవాసి వంగి ఉంది. వారం కిందట బ్యారక్ సిమెంటు గచ్చు మీద దాన్ని పడేసింది నేనే. తుడిచి పెట్టుకున్నానే తప్ప పరీక్షించలేదు. వేరే మ్యాగజైన్ పెడితే పదమూడు తూటాలూ గుక్క తిప్పుకోకుండా పేలాయి. పెద్ద బోరా, చిన్న బోరా అని మెస్సులో గంటలకొద్దీ వాదించిన నాకు, ఇనుప రేకు అంచు ఒకటి వంగితే బోరు ఎంతైనా ఒకటేనని ఆ రోజు అర్థమైంది. బ్రౌనింగ్ జీవితం చదివితే ఆయన ముప్పై ఏళ్లు కుస్తీ పట్టింది సరిగ్గా ఇలాంటి రేకు అంచులతోనే అనిపించింది.

ఆయన 1855 జనవరి 23న అమెరికాలోని యూటా ప్రాంతంలో ఆగ్డెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి జోనథన్ తుపాకులు చేసి, బాగుచేసే పనివాడు. మోర్మన్ మతస్థుడు కావడంతో తరిమివేతలు భరించి, 1852లో పడమటి ఎడారి దాటి అక్కడ స్థిరపడ్డాడు. ముగ్గురు భార్యలు, ఇరవై ఇద్దరు పిల్లలు. వరుసగా కాల్చగల తుపాకి ఒకటి సొంతంగా తయారుచేసిన తెలివిగలవాడే గాని, వలస వచ్చినవాళ్ల నాగళ్లు, కుండలు, తుపాకులు బాగుచేయడంలోనే జీవితం గడిచిపోయింది. కొడుకు ఆడుకునే స్థలం ఆ కొట్టు వెనక పడేసిన పాత ఇనుము కుప్ప. పదేళ్ల వయసులో పాత తుపాకి గొట్టం ఒకటి ఏరుకుని, గొడ్డలితో చెక్కిన కర్రకు తీగతో బిగించి, తమ్ముడు మ్యాట్‌తో కలిసి పొదల్లో పక్షుల్ని కొట్టుకొచ్చాడని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు. తండ్రి ఆ పక్షుల కూర తిని, తుపాకిని తిప్పి చూసి, పదేళ్ల కుర్రాడు ఇంతకన్నా బాగా చేయొచ్చని పెదవి విరిచాడట. ఆ మాట ఎంత గుచ్చుకుందో గాని, ఆ తర్వాత కొట్టులో అన్నిటికన్నా కఠినమైన పరీక్షకుడు ఆ కుర్రాడే అయ్యాడు.

1878లో ఒక్క తూటా రైఫిల్ ఒకటి రూపొందించాడు. 1879లో పేటెంటు వచ్చింది. అదే ఏడాది పెళ్లయింది, తండ్రి పోయాడు. అన్నదమ్ములు కలిసి చిన్న ఫ్యాక్టరీ పెట్టి ఆ రైఫిళ్లు చేత్తో చేసి అమ్ముకున్నారు. 1883లో వించెస్టర్ కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి రైలెక్కి ఆ మారుమూలకు వచ్చి, 8 వేల డాలర్లకు హక్కులు కొనుక్కుపోయాడు. అప్పటి నుంచి రెండు దశాబ్దాల దాకా బ్రౌనింగ్ గీసిన తుపాకులు వించెస్టర్ పేరుతో అమ్ముడయ్యాయి. 1886, 1892, 1894 మోడల్ రైఫిళ్లు, 1897 షాట్‌గన్ వాటిలో ముఖ్యమైనవి. 1894 మోడల్‌ను గుర్తుపెట్టుకోండి. అమెరికాలో తరతరాలు దుప్పి వేటకు భుజాన వేసుకుపోయిన రైఫిల్ అది. దాని లెక్క కాసేపట్లో అవసరం పడుతుంది.

మధ్యలో రెండేళ్లు మత ప్రచారం కోసం జార్జియా వెళ్లొచ్చాడు. తిరిగొచ్చిన 1889లో జరిగిన ఒక చిన్న సంగతి ఆయుధాల చరిత్రనే మలుపు తిప్పింది. స్నేహితులతో గురి పోటీకి వెళ్లినప్పుడు, ఒకడు తుపాకి పేల్చగానే గొట్టం ముందున్న గడ్డి మొక్కలు వంగి లేవడం చూశాడు. అందరికీ కనిపించేదే అది. గుండు వెనక తోసుకొచ్చే వాయువు వృథాగా పోతోందని, దాంతో తుపాకి తనంతట తానే తెరుచుకుని, ఖాళీ గుల్లను విసిరేసి, కొత్త తూటా ఎక్కించుకోగలదని ఈయనకు తోచింది. పోటీ వదిలేసి ఇంటికి పోయాడు. గొట్టం మూతి దగ్గర చిల్లి పొడిచిన ఇనుప దిమ్మె వేలాడదీసి కాల్చి చూస్తే దిమ్మె ఎగిరిపడింది. ఆ దారే కోల్ట్ 1895 మెషీన్ గన్‌కు తీసుకెళ్లింది.

పిస్టల్ దగ్గర వేరే చిక్కు. చేతిలో పట్టుకునే వస్తువు, బరువు పరిమితి ఉంది. వాయువు గొట్టాలు పెట్టడానికి చోటు లేదు. అందుకని ఎదురుతన్నునే వాడుకున్నాడు. గొట్టం మీద కప్పులా జారే ఉక్కు స్లైడు ఈయన ఆలోచనే. ఇవాళ ప్రపంచంలో ఏ పిస్టల్ పట్టుకున్నా దాదాపుగా మన చేతికి తగిలేది అదే. బెల్జియంలో లీజ్ నగరం పక్కన హెర్‌స్టాల్‌లో ఉన్న ఎఫ్‌ఎన్ ఫ్యాక్టరీ ఆ చిన్న పిస్టల్‌ను, దానికోసం ఈయనే గీసిన 7.65 ఎంఎం తూటాను తయారుచేయడం మొదలుపెట్టింది. మన దేశంలో లైసెన్సు ఉన్న పౌరుడు 9 ఎంఎం కొనలేడు. అతనికి దొరికే పాయింట్ 32 పిస్టల్‌లో పడేది నూట పాతికేళ్ల కిందటి ఈ తూటాయే. ఆజాద్ జేబులో ఉన్నదీ ఇదే.

వించెస్టర్‌తో చెడింది డబ్బు దగ్గర. తనే తుపాకి ఎక్కించుకుని కాల్చే షాట్‌గన్‌ను చూపించి, ఈసారి ఏకమొత్తం వద్దు, అమ్మిన ప్రతి తుపాకికీ వాటా కావాలన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు. 1902 జనవరిలో రెమింగ్టన్ అధిపతిని కలవడానికి వెళ్లి బయటి గదిలో కూర్చుని ఉండగానే, లోపల ఆ అధిపతి గుండె ఆగి చనిపోయాడన్న వార్త వచ్చింది. తుపాకిని సంచిలో పెట్టుకుని ఓడెక్కి బెల్జియం పోయాడు. ఆటో-5 అన్న పేరుతో ఆ షాట్‌గన్ దాదాపు వందేళ్లు అమ్ముడుపోయింది. మొదటి పదివేలూ ఆయనే ఆర్డరిచ్చి కొనుక్కోవడం నాకు అన్నిటికన్నా నచ్చిన వివరం. తన సరుకు మీద అంత నమ్మకం ఉన్నవాడికే వాటా అడిగే ధైర్యం ఉంటుంది.

ఇక పెద్ద బోరు సంగతి. ఫిలిప్పీన్స్ దక్షిణ దీవుల్లో మోరో యోధులతో తలపడిన అమెరికా సైనికులకు పాయింట్ 38 రివాల్వర్ చాలడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. తూటాలు తగిలినా కత్తితో మీదికి వచ్చేవాళ్లు ఆగడం లేదట. 1904లో థామ్సన్ అనే సైనికాధికారి, లాగార్డ్ అనే సైనిక వైద్యుడు షికాగో కబేళాల్లో పశువుల మీద, మానవ శవాల మీద రకరకాల తూటాలు కాల్చి చూశారు. ఇవాళ చదువుతుంటే కడుపులో తిప్పుతుంది. పద్ధతి కూడా శాస్త్రీయమని చెప్పలేం. కొన్ని పశువుల మీదే పెద్ద తీర్పు నిలబెట్టారు. సైనిక పిస్టల్ బోరు పాయింట్ 45కు తగ్గకూడదన్నది ఆ తీర్పు.

దగ్గరికొచ్చిన దాన్ని ఒక్క దెబ్బకు ఆపాలన్న ఈ కోరిక మన ఉపఖండానికి కొత్త కాదు. పులివేటకు ఏనుగు అంబారీ ఎక్కిన దొరలు, జమీందార్లు రైఫిల్‌తో పాటు రెండు గొట్టాల పొట్టి పిస్టల్ ఒకటి దగ్గర పెట్టుకునేవాళ్లు. దాన్ని హౌదా పిస్టల్ అనేవాళ్లు. గాయపడిన పులి ఏనుగు కుంభస్థలం మీదికి ఎగబాకితే మూరెడు దూరంలో పేల్చడానికి. బోరు బొటనవేలు దూరేంత. అందులో స్ప్రింగు మొరాయించడం, తూటా ఇరుక్కోవడం లేవు, ఎందుకంటే అది తనంతట తాను చేసే పనంటూ ఏమీ లేదు. రెండు దెబ్బలు, అంతే. ఇది వేట ఆయుధం కాదన్న సంగతీ గమనించాలి. వేట రైఫిల్‌తోనే, ఇది ప్రాణం దక్కించుకోవడానికి. ఇంగ్లండులో గాబెట్ ఫెయిర్‌ఫాక్స్ అనే ఆయన అదే శక్తిని తనంతట తాను ఎక్కించుకునే పిస్టల్‌లో పెట్టాలని చూశాడు. మార్స్ అని పేరు. శక్తిలో ఆనాటి పిస్టళ్లన్నిటినీ మించింది. పరీక్షించిన అధికారులు రెండోసారి కాల్చడానికి ఇష్టపడలేదు. ఆ పిస్టల్ సైన్యంలో చేరనే లేదు.

బ్రౌనింగ్ మధ్యదారి పట్టాడు. 15 గ్రాముల బరువైన గుండు, సెకనుకు 250 మీటర్ల వేగం. ధ్వనికన్నా తక్కువ. చేతికి తట్టుకోగల తన్ను. మొదటి నమూనా 1905లో వచ్చింది. ఆ తర్వాత ఆరేళ్లు సైన్యం పెట్టిన పరీక్షల్లో పిస్టల్ మారుతూనే పోయింది. పేలినప్పుడు గొట్టం, స్లైడు ఒకదానికొకటి గాడుల్లో బిగిసి కలిసే వెనక్కి జరుగుతాయి. గుండు బయటపడి ఒత్తిడి తగ్గేసరికి, కింద ఉన్న చిన్న లింకు గొట్టం వెనక భాగాన్ని కిందికి లాగుతుంది. బిగింపు విడిపోతుంది, స్లైడు ఒంటరిగా వెనక్కి పోయి ఖాళీ గుల్లను విసిరి, తిరిగొస్తూ కొత్త తూటాను నెట్టుకొస్తుంది. మొదట్లో ముందొకటి, వెనకొకటి రెండు లింకులు ఉండేవి. ముందుది తీసేశాడు. భాగాలు తగ్గించుకుంటూ పోయినకొద్దీ పిస్టల్ బాగుపడింది.

చివరి పరీక్ష 1911 మార్చిలో. పరీక్షకు వెళ్లే పిస్టళ్ల తయారీని హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీలో తనే దగ్గరుండి చూసుకున్నాడు. పోటీలో మిగిలింది శావేజ్ కంపెనీ పిస్టల్. ఒక్కో పిస్టల్‌తో 6 వేల తూటాలు కాల్చాలి. ప్రతి వందకు ఐదు నిమిషాలు చల్లారనివ్వడం, ప్రతి వెయ్యికి తుడిచి నూనె వేయడం తప్ప వేరే విరామం లేదు. తర్వాత సొట్టలు పోయిన తూటాలు పెట్టి చూశారు, ఇసుకలో, బురదలో పొర్లించారు, యాసిడ్‌తో తుప్పు పట్టించారు. శావేజ్ 37 సార్లు మొరాయించింది. బ్రౌనింగ్ పిస్టల్ ఒక్కసారి కూడా ఆగలేదు. మార్చి 29న ఎం1911 పేరుతో అమెరికా సైన్యంలో చేరి, 1985లో 9 ఎంఎం బెరెట్టా వచ్చేదాకా కొనసాగింది. పాయింట్ 45 గొప్పతనం గురించి జనం చెప్పుకునే కథల్లో చాలా భాగం నిజానికి ఈ 6 వేల తూటాల గొప్పతనమే అని నా అభిప్రాయం.

దీనికి ఒక లెక్క ఉంది. పాయింట్ 45 గుండు మూతి దగ్గర మోసే శక్తి సుమారు 480 జౌల్స్. గుండు బరువులో సగమే ఉన్నా వేగం ఎక్కువ కాబట్టి మన 9 ఎంఎందీ ఇంచుమించు అంతే. పెద్ద గుండు చేసే రంధ్రం పెద్దదే, కాదనను. కాని అదే బ్రౌనింగ్ గీసిన 1894 దుప్పి రైఫిల్ లెక్క చూడండి: దాదాపు 2,500 జౌల్స్, అంటే ఐదు రెట్లు. యాభై అడుగుల దూరంలో అడవిపందిని కొట్టాలంటే పిస్టల్‌వాడు గుండెనో మెదడునో తప్పకుండా తాకాలి. లేకపోతే అది పొదల్లోకి పోయి గంటలకొద్దీ నరకం పడి చస్తుంది. స్వయంగా గొప్ప వేటగాడైన బ్రౌనింగ్‌కు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. తమ్ముడు, మరో ఇద్దరు స్నేహితులతో ఆయన షూటింగ్ జట్టుకు ఆగ్డెన్‌లో పెద్ద పేరు. బాతుల వేటకు షాట్‌గన్, పెద్ద జంతువుకు రైఫిల్ వాడేవాడు. సైన్యం కోసం గీసిన పిస్టల్ ఆయన దృష్టిలో మనిషికీ మనిషికీ మధ్య పది గజాల దూరంలో అక్కరకొచ్చే వస్తువు మాత్రమే.

అయినా ఆయన పోయాక అమెరికాలో పిస్టల్ వేట ఒక సరదాగా పెరిగింది. 1980ల్లో వచ్చిన 10 ఎంఎం ఆటో తూటా 850 జౌల్స్ దాకా తెచ్చింది. బ్రౌనింగ్ చట్రాన్నే గట్టి స్ప్రింగులతో దానికి తగ్గట్టు మార్చి అమ్మారు. డెజర్ట్ ఈగిల్ అనే రెండు కిలోల పిస్టల్ పాయింట్ 44 మాగ్నమ్‌తో 1,300కు, పాయింట్ 50తో 2 వేల జౌల్స్ దరిదాపులకు చేరింది. చేతిలో పట్టే అంత పెద్ద యంత్రం కూడా 1894 నాటి దుప్పి రైఫిల్‌ను దాటలేకపోయింది.

శక్తి పెరిగినకొద్దీ నమ్మకానికి గండి పడే చోట్లూ పెరుగుతాయి. గొట్టం వాలే పద్ధతి అంత ఒత్తిడికి చాలక డెజర్ట్ ఈగిల్‌లో వాయువుతో నడిచే, తిరిగే బోల్టు పెట్టారు. అందులో తొడుగు లేని సీసం గుండు వాడకూడదు, వాయువు రంధ్రం పూడుకుపోతుంది. మందు తక్కువ ఉన్న తూటా స్లైడును పూర్తిగా వెనక్కి నెట్టదు. రివాల్వర్ కోసం పుట్టిన మాగ్నమ్ తూటాలకు అడుగున అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో ఒకదాని అంచు ఇంకోదానికి తట్టుకుంటే కథ అక్కడే ఆగుతుంది. మణికట్టు సడలించి పట్టుకున్నా ఆగుతుంది. వేటకు కావాల్సింది లోపల విచ్చుకునే మొండి ముక్కు గుండు. 1911లో ఆ 6 వేలూ సాఫీగా జారింది గుండ్రటి ముక్కు గుళ్లు. పేలని తూటా వస్తే రివాల్వర్‌వాడు ట్రిగ్గర్ ఇంకోసారి నొక్కితే చాలు. అందుకే పిస్టల్ వేట సరదా ఉన్నవాళ్లలో కూడా చాలామంది ఇప్పటికీ రివాల్వర్‌నే పట్టుకుపోతారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఈ సరదాకు తావే లేదు. అది మంచిదే.

కాని సైనికుడికి పనికొచ్చే ఉదాహరణ ఒకటుంది. గ్రీన్‌లాండ్ మంచులో కుక్కల బండ్ల మీద గస్తీ తిరిగే డెన్మార్క్ సిరియస్ దళం ధ్రువపు ఎలుగుబంటి కోసం నడుముకు 10 ఎంఎం గ్లాక్ పెట్టుకుంటుంది. బండి మీద రైఫిల్ ఉంటుంది. ఎలుగుబంటి డేరాలో దూరినప్పుడు చేతికందేది పిస్టల్ ఒక్కటే. అంబారీ మీద హౌదా పిస్టల్ చేసిన పనే ఇదీ. గడ్డకట్టే చలిలో పేలుతుందా లేదా అన్నదే వాళ్లకు మొదటి ప్రశ్న.

బ్రౌనింగ్ దగ్గరికి తిరిగొద్దాం. మొరాయించని వస్తువు ఎవరి చేతిలోనైనా మొరాయించదు. 1914 జూన్ 28న సారయేవోలో గవ్రిలో ప్రిన్సిప్ ఆస్ట్రియా యువరాజు మీద, ఆయన భార్య మీద కాల్చింది ఎఫ్‌ఎన్ 1910 మోడల్, ఈయన గీసినదే. రెండే తూటాలు. రెండు నెలలు తిరక్కుండా కలకత్తాలో రోడ్డా కంపెనీ సరుకులోంచి మన విప్లవకారులు 50 మౌజర్ పిస్టళ్లు ఎత్తుకుపోయారు. అవి జర్మనీవి, బ్రౌనింగ్‌వి కావు. తనే తూటా ఎక్కించుకునే పిస్టల్ ఇరవై ఏళ్లలో ఎంత దూరం పాకిందో చెప్పడానికే ఆ ప్రస్తావన. సారయేవో గురించి బ్రౌనింగ్ ఏమనుకున్నాడో నాకు ఎక్కడా కనిపించలేదు. ఆయన మాటలకన్నా పనితో కాలం గడిపిన మనిషి.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు ఆయన మెషీన్ గన్ 20 వేల తూటాలు ఆగకుండా కాల్చింది. సైన్యం ఆశ్చర్యపోతుండగా ఆయనే ఇంకో 20 వేలు కాల్పించాడు. అప్పటికీ నమ్మనివాళ్ల కోసం రెండో గన్ను తెప్పించి 48 నిమిషాల పాటు ఏకబిగిన పేల్పించాడు. వాటా అడిగితే కోట్లు వచ్చేవి. ప్రభుత్వం ఇచ్చిన ఏడున్నర లక్షల డాలర్లకు ఒప్పుకుని హక్కులు ఇచ్చేశాడు. వించెస్టర్ దగ్గర పైసాకు పట్టుబట్టిన మనిషే ఇతను. కొడుకు వాల్ తండ్రి చేసిన ఆటోమేటిక్ రైఫిల్‌తోనే ఫ్రాన్స్‌లో యుద్ధం చేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా మీద మన వైమానిక దళం నడిపిన స్పిట్‌ఫైర్ల రెక్కల్లోనూ, 1965లో అసల్ ఉత్తర్ చెరకుతోటల్లో దిగబడిన పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల మీదా ఉన్నవి బ్రౌనింగ్ గన్నులే. మన షెర్మన్ల మీదా అవే. ఒకే మనిషి గీసిన గన్ను అటూ ఇటూ ఉన్న యుద్ధాలు లెక్కకు చాలా తేలుతాయి.

చివరి పిస్టల్ ఫ్రాన్స్ సైన్యం కోరినది. 9 ఎంఎం, ఎక్కువ తూటాలు పట్టాలి, మ్యాగజైన్ లేకుండా పేలకూడదు. 1923లో పేటెంటుకు పెట్టాడు. అది చేతికొచ్చేదాకా బతకలేదు. 1926 నవంబర్ 26న హెర్‌స్టాల్ ఫ్యాక్టరీలో, కొడుకు వాల్ గదిలో, గుండె ఆగిపోయింది. డెబ్బై ఒకటేళ్లు. పేరు మీద 128 పేటెంట్లు. బల్ల మీద సగం పూర్తయిన జంట గొట్టాల షాట్‌గన్ ఉంది. దాన్ని కొడుకు పూర్తిచేశాడు. పిస్టల్‌ను ఫ్యాక్టరీలోని డియుడొనే సైవ్ అందుకున్నాడు. తూటాలు రెండు వరుసల్లో పట్టే మ్యాగజైన్ ఆయన పనే. పదమూడు తూటాల హై-పవర్ 1935లో బయటికొచ్చింది. 1940లో జర్మన్లు బెల్జియంను ఆక్రమించి ఆ ఫ్యాక్టరీలోనే తమ సైన్యానికి చేయించుకున్నారు. అటు కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ అదే పిస్టల్‌ను మిత్రపక్షాలకు చేసింది. ఆ కెనడా నమూనాయే తర్వాత బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఎ అయింది.

ఇప్పుడు మన బలగాలకు కొత్త పిస్టళ్లు కావాలన్న మాట వచ్చినప్పుడల్లా టీవీల్లో మొదట లేచే ప్రశ్న బోరు ఎంత, మ్యాగజైన్‌లో ఎన్ని అని. నన్నడిగితే ముందు అడగాల్సింది వేరు. థార్ దుమ్ములో, సియాచిన్ చలిలో, ఈశాన్య అడవుల వానలో వరుసగా కొన్ని వేలు కాల్చినప్పుడు ఎన్నిసార్లు ఆగింది? ఆ ఆగినవాటిలో పిస్టల్ తప్పెంత, తూటా తప్పెంత, మ్యాగజైన్ తప్పెంత? ఒక్కో జవానుకు ఏడాదికి కాల్చడానికి ఎన్ని తూటాలిస్తున్నాం? 1911 పరీక్ష నివేదికలా ఈ జవాబులు అంకెల్లో బయటపెడితే బోరు గురించి వాదన సగం దానంతటదే తగ్గుతుంది.

పదవీ విరమణ రోజు నా పిస్టల్ అప్పగించడానికి ఆయుధాగారానికి వెళ్లాను. స్లైడు వెనక్కి లాగి గొట్టం ఖాళీ అని చూపించాను. రెండు మ్యాగజైన్లు బల్ల మీద పెట్టాను. అక్కడున్న కుర్ర హవల్దారు నంబరు రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఆ తర్వాత మ్యాగజైన్లు ఒక్కొక్కటీ తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, నోటి అంచును వేలితో తడిమి చూసి లోపల పెట్టాడు.